‘ర్యాప్’ అన్న మాట ఎక్కడిది?

రెండు రోజుల క్రితం ఈ సమూహంలో ఒక మిత్రులు, ‘ర్యాప్’ అన్నది ‘రిథమ్ అండ్ పొయెట్రీ’ అన్న మాటల తొలి అక్షరాలు కలిపి చేసిన పొడిపేరు కాబట్టి దానిని తెలుగులో ‘లయకవిత’ అంటే బాగుంటుందని ప్రతిపాదించారు. ఆ వ్యుత్పత్తి అంతర్జాలంలో విరివిగా కనిపిస్తుంది. అయితే అది మాట పుట్టిన చాలా కాలానికి ఎవరో అందంగా కూర్చిపెట్టిన వివరణే తప్ప దాని పుట్టుక కాదు. ఈ విషయం మీద నాకు ఉన్న అభిమానం వల్ల కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇంగ్లీషులో ‘ర్యాప్’ అన్న క్రియకు మొదటి అర్థం కొట్టడం, తట్టడం. తలుపు మీద వేలి కణుపులతో టకటకా కొట్టడాన్ని ఇప్పటికీ ఆ మాటతోనే చెబుతారు. 16వ శతాబ్దం నాటికే అది నోటికి ఎక్కి, ఒక ఒట్టునో తిట్టునో ఠక్కున పైకి అనేయడం అన్న అర్థాన్ని కూడా తెచ్చుకుంది. దెబ్బ కాస్తా మాట కావడం మనకు కొత్త సంగతి కాదు. రోట్లో వడ్లు దంచుతాం, సభలో ఉపన్యాసమూ దంచుతాం. మద్దెల వాయిస్తాం, తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి వాయిస్తాం. ‘ఇంగ్లీషు దంచేస్తున్నాడు’ అన్నప్పుడు అందులోని ధార, వేగం, కాస్తంత దర్పం మనకు వెంటనే తెలిసిపోతాయి. అమెరికాలోని నల్లజాతి ప్రజల నోట ‘ర్యాప్’ సంపాదించుకున్న అర్థం దాదాపు అదే.

దీనికి పాట పుట్టక ముందరి సాక్ష్యాలున్నాయి. నల్లవారి పేటల్లోని మాటతీరు మీద థామస్ కోక్‌మన్ 1969లో ప్రచురించిన వ్యాసంలో ‘ర్యాపింగ్’ అంటే తనదైన ఒడుపుతో, హుషారుగా, అనర్గళంగా మాట్లాడడమని వివరించాడు. ఒక అమ్మాయి మనసు గెలవడానికి అబ్బాయి చెప్పే తియ్యని కబుర్లు కూడా అందులో భాగమే. పౌరహక్కుల ఉద్యమంలో విద్యార్థి సంఘానికి 1967లో అధ్యక్షుడైన హ్యూబర్ట్ బ్రౌన్‌ను లోకమంతా ‘ర్యాప్ బ్రౌన్’ అనే పిలిచింది. అది అతని వాక్చాతుర్యానికి దక్కిన పేరు. గాయకుడు ఐజాక్ హేస్ 1970లో ఒక పాటకు ముందు వాద్యాల మీద మెల్లగా చెప్పుకుపోయిన వచనానికి ‘ఐక్స్ ర్యాప్’ అని పేరు పెట్టుకున్నాడు. ఇవన్నీ మనం నేడు ర్యాప్ అంటున్న తరహా పాట రికార్డుగా ఇంటింటికీ చేరిన 1979కి ముందటివే. అంటే పాటకు మాట పేరు వచ్చింది గాని, పాట కోసం పేరు అల్లలేదు.

ఈ తేడాను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. ‘లయ, కవిత్వం’ అని విడదీసి చెప్పినప్పుడు ఆ కళకు ఒక పుస్తక మర్యాద కల్పించినట్టు అనిపిస్తుంది, కాని అది పెరిగిన వీధి మూల కనిపించకుండా పోతుంది. ఆ మూలన జరిగిన ఆటల్లో ముఖ్యమైనది ‘డజన్స్’. ఇద్దరు కుర్రాళ్ళు ఎదురెదురుగా నిలబడతారు, చుట్టూ స్నేహితులు మూగుతారు, ఒకరి తల్లిని గురించి మరొకరు అంత్యప్రాసలతో, నమ్మశక్యం కాని అతిశయోక్తులతో ఎకసెక్కాలాడుకుంటారు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు లెక్క. న్యూయార్క్‌లోని నల్లవారి పేట హార్లెంలో ఈ ఆటను శ్రద్ధగా పరిశీలించిన భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ ఒక సూక్ష్మమైన నియమాన్ని గుర్తించాడు: ఎత్తిపొడుపు అబద్ధమని అక్కడున్న అందరికీ స్పష్టంగా తెలిసి ఉండాలి, అందులో కాస్త నిజం ఉందనిపించిన మరుక్షణం ఆట ఆగిపోయి నిజమైన తగాదా మొదలవుతుంది. నేటి ర్యాప్ పోటీల్లో ఎదుటివాడిని మాటలతో చిత్తు చేసే పద్ధతికి వేరు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

దీనికి తోడు ‘టోస్టులు’ అనే దీర్ఘమైన నోటి కథలున్నాయి. జైళ్ళలోనూ వీధుల్లోనూ ప్రాసలతో వల్లించే ఈ కథల్లో కోతి, సింహం, ఏనుగుల కథ ప్రసిద్ధమైనది. ఏనుగు నిన్ను తిట్టిందని కోతి సింహానికి కొండెం చెబుతుంది, సింహం ఉక్రోషంతో వెళ్ళి ఏనుగు చేతిలో చావుదెబ్బలు తింటుంది. బలహీనుడు మాటతోనే బలవంతుణ్ణి పడగొట్టే ఈ కథను బానిసత్వం అనుభవించిన జాతి తరతరాలు చెప్పుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇక ఈ మాటకు తాళం తోడైన చోటు న్యూయార్క్‌లోని బ్రాంక్స్. దాని మధ్యగా వేసిన పెద్ద రహదారి అక్కడి పేటలను చీల్చి వేలమందిని ఇళ్ళ నుంచి కదిలించింది, 1970లలో భవనాలు వరుసగా తగలబడ్డాయి. అటువంటి చోట 1973 ఆగస్టు 11న, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే భవనంలోని కింది అంతస్తు గదిలో, బడి తెరిచే ముందు కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టాలని సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. ప్రవేశ రుసుము అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50. రికార్డులు తిప్పినవాడు ఆమె అన్న క్లైవ్, లోకానికి తెలిసిన పేరు కూల్ హెర్క్. పాటలో గాత్రం ఆగి డోలు ఒక్కటే మోగే కొద్ది క్షణాలకే జనం ఊగిపోతున్నారని అతను గమనించాడు; ఒకే రికార్డు ప్రతులు రెండు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క మోగించి, క్షణాలను నిమిషాలుగా సాగదీసే పద్ధతిని పెంపొందించాడు. ఆ డోలు చప్పుడు మీద అతని మిత్రుడు కోక్ లా రాక్ మైకు పట్టుకుని వచ్చినవాళ్ళను పేరుపేరునా పిలుస్తూ చిన్న చిన్న చమత్కారాలు విసిరేవాడు. నాకు ఇది చాలా ముఖ్యమైన ఘట్టంగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ మొదట వచ్చింది పద్యం కాదు, పలకరింపు.

హెర్క్ జమైకాలో పుట్టి 1967లో బ్రాంక్స్ చేరినవాడు. అందువల్ల ర్యాప్ అంతా జమైకా నుంచే దిగుమతి అయిందని కొందరు తేల్చేస్తారు. వీధుల్లో భారీ స్పీకర్లు పెట్టే అలవాటు అక్కడిదే కావచ్చు, కాని మాటల విషయంలో ఆ సంబంధాన్ని హెర్క్ స్వయంగా కాదన్నాడు. అసలు రికార్డుల మీద మాటలు పలికే జమైకా డీజేలే 1950లలో అమెరికా నల్లజాతి రేడియో వ్యాఖ్యాతల ప్రాసల ధోరణిని విని అనుకరించారు. పశ్చిమ ఆఫ్రికాలో వంశచరిత్రలను కంఠస్థంగా గానం చేసే ‘జెలి’ల సంప్రదాయాన్ని కూడా తరచుగా ప్రస్తావిస్తారు. పోలిక నిజమే, గౌరవించదగినదే. అయితే బానిస నౌకల్లో భాషలూ ఇంటిపేర్లూ తెగిపోయిన చరిత్రలో ఒకే గీతగా వారసత్వాన్ని చూపించడం సాధ్యం కాదు.

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ అనే బృందం విడుదల చేసిన ‘ర్యాపర్స్ డిలైట్’తో ఈ పేరు లోకమంతా పాకింది. అందులో ఒక గాయకుడు అప్పజెప్పిన చరణాలు బ్రాంక్స్‌కు చెందిన గ్రాండ్‌మాస్టర్ కాజ్ రాసినవి. తన పేరును అక్షరం అక్షరంగా విడదీసి కాజ్ రాసుకున్న పంక్తిని కూడా ఆ గాయకుడు మార్చకుండా అలాగే చదివేశాడు, అందువల్ల సొంతదారు పేరు ఆ రికార్డులోనే వినిపిస్తుంది. కాజ్‌కు మాత్రం రచయితగా గుర్తింపు దక్కలేదు. ‘హిప్ హాప్’ అన్న జంటపదం కూడా నోటి నుంచి పుట్టినదే. సైన్యంలో చేరబోతున్న ఒక స్నేహితుణ్ణి ఆటపట్టిస్తూ, సైనికుల కవాతు అడుగుల చప్పుడును అనుకరించి కీఫ్ కౌబాయ్ అనే కళాకారుడు దానిని వేదిక మీద పలికాడని అతని తోటివారు చెబుతారు. ఆ మాట విస్తరించి సంగీతం, బ్రేక్ డ్యాన్స్, గోడల మీద రంగుల రాతలు అన్నింటికీ కలిపి పేరైంది. ర్యాప్ అందులో ఒక అంగం.

ఆ ప్రతిపాదన కింద మరొకరు, మన బుర్రకథ కూడా ర్యాపే కదా అని అడిగారు. కథకుడి ధారకు వంతలు తందాన అందుకోవడంలో పోలిక కనిపించవచ్చు, కాని పోలికను పుట్టుకగా చెప్పుకోవడం రెండు కళలకూ అన్యాయమే. పద్యరచన తీరులో కూడా తేడా ఉంది. ఇంగ్లీషు ర్యాప్ ఊనిక మీద, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం మీద నడుస్తుంది, నాలుగు దెబ్బల వరుసలో చివరి దెబ్బ మీద తరచుగా ప్రాస పడుతుంది. తెలుగు ఛందస్సు గురులఘువుల మీద నిలుస్తుంది, మన సంప్రదాయ ప్రాస పాదంలో రెండో అక్షరానిది. తెలుగులో ర్యాప్ రాసే యువకులు ఈ రెండింటినీ ఎలా పొసగిస్తున్నారో ఎవరైనా పాదం పాదంగా పరిశీలిస్తే ఈ సమూహంలో మంచి చర్చ అవుతుంది.

పేరు విషయానికి వస్తే, ‘ర్యాప్’ను అలాగే ఉంచుకోవడమే నాకు ఇష్టం. తెలుగు మాటే కావాలంటే ‘లయకవిత’ కన్నా ‘పలుకుపాట’ దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అందులో పలుకు ముందు వస్తుంది, పాట తరువాత వస్తుంది.