ప్రైమరీలో ఓడిన అరుణా మిల్లర్ గురించి ఎవరికైనా తెలుసా?

నమస్కారమండీ. మేం మేరీల్యాండ్‌లో ఉంటాం. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి, ఓడిపోయిన అభ్యర్థి అనే అంశం మీద, హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్‌ని ఎంచుకుంది. 2018 జూన్‌లో ఆరో కాంగ్రెస్ జిల్లా (అంటే అమెరికా ప్రతినిధుల సభ నియోజకవర్గం) డెమొక్రటిక్ ప్రైమరీలో ఆవిడ డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడి రెండో స్థానంలో నిలిచారు. ట్రోన్‌కి పెద్ద వైన్ షాపుల వ్యాపారం. సొంత డబ్బే కోటి డాలర్లకు పైగా పెట్టారు.

ప్రైమరీ అంటే ఏంటో ఫోన్‌లో మా నాన్నకి చెప్పడానికే అరగంట పట్టింది. బీ-ఫారం ఎవరికివ్వాలో పార్టీ పెద్దలు కాదు, ఓటర్లే తేలుస్తారంటే "అయితే ఢిల్లీ చుట్టూ తిరిగే పనే లేదా?" అన్నారు.

మా అమ్మాయి చార్టు మీద ఆ నియోజకవర్గం మ్యాపులో మోంట్‌గోమరీ కౌంటీ వైపు రంగులేసి, గారెట్ కౌంటీ దాకా ఉన్న పడమటి భాగం ఖాళీగా వదిలేసింది. కౌంటీలవారీగా ఎవరికెన్ని ఓట్లొచ్చాయో రాష్ట్ర ఎన్నికల బోర్డు సైట్‌లో ఏ పేజీలో దొరుకుతుంది? నాకైతే చిక్కలేదు.

ఇంకోటి. జర్మన్‌టౌన్, గెయిథర్స్‌బర్గ్ వైపు ఆవిడ కోసం ఇంటింటికీ తిరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఓడింది డబ్బు వల్లేనా? నాకు అలా అనిపించట్లేదు. అదే ట్రోన్ 2024 సెనేట్ ప్రైమరీలో ఆరు కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి ఓడిపోయారు కదా. ఆవిడేమో 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా (ఇక్కడ రాష్ట్ర గవర్నర్ తర్వాతి పదవి) గెలిచారు. "మరి ఓడినట్టా, గెలిచినట్టా?" అని పిల్ల నన్ను నిలదీస్తోంది.

శుక్రవారం ఇచ్చేయాలి. టెన్షన్ అంతా నాదే.