మన దేశంలోని చిన్న చిమ్మటల జాబితాకు సాయం కావాలి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉంటాను, రాత్రిళ్లు డాబా మీద తెల్ల గుడ్డ కట్టి లైటు పెట్టి, వచ్చిన చిన్న చిమ్మటలకు, అంటే మైక్రో మాత్స్‌కి, ఫోటోలు తీస్తున్నాను. మన దేశంలో నమోదైన ఈ జాతులన్నిటికీ ఒకటే జాబితా చేయాలని గట్టిగా ఉంది. పెద్దవాటి సమాచారం బాగానే దొరుకుతుంది, కానీ బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త హాంప్సన్ 1892-96 మధ్య మన చిమ్మటల మీద తెచ్చిన నాలుగు సంపుటాలు పైరాలిడ్లనే చిమ్మటల కుటుంబం దగ్గరే ఆగిపోయాయి, ఆ తర్వాత మెరిక్ అనే మరో శాస్త్రవేత్త వర్ణించిన జాతులు ఎక్కడెక్కడో చెదిరి ఉన్నాయి, పైగా చాలావాటి ప్రజాతే, అంటే జీనసే, మారిపోయింది. 2014లో మన టమాటా తోటల్లో బయటపడిన ట్యూటా అబ్సల్యూటా అనే చిమ్మటనే చూడండి, ఇప్పుడది ఫ్తోరిమియా ప్రజాతిలో ఉంది. పాత పేర్లన్నీ కొత్తదాని పక్కనే రాయాలా, విడిగా పెట్టాలా?

అసలు టెన్షన్ ఫోటోలతోనే. జెలెకియిడే కుటుంబంలో రెక్కల మచ్చలు చూసి జాతి చెప్పడం చాలాసార్లు కుదరదు, జననాంగాలు విడదీసి మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. అలాంటివాటిని ప్రజాతి దగ్గరే ఆపేయడం మేలని నా అభిప్రాయం, తప్పు పేరు ఒకసారి జాబితాలోకి ఎక్కితే తీయడం చాలా కష్టం. మీరేమంటారు? ఆ స్లైడ్లు చేయడం నేర్పేవాళ్లు మన సిటీలో ఎవరైనా ఉన్నారా? ఆకుల్లో సొరంగాలు తొలిచే పురుగులను పెంచినవాళ్లుంటే, ఏ మొక్క మీద దొరికాయో కూడా దయచేసి చెప్పండి.