మే నెలలో సెస్నా 172: సీజీ (బరువు కేంద్రం), పవర్, అప్‌గ్రేడ్‌లలో ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

ఓర్వకల్లు_హ్యాంగర్:
నాది చిన్న విమానం, సెస్నా 172ఎన్, ఓ-320-హెచ్2ఏడీ ఇంజిన్, 160 హెచ్‌పీ. ముగ్గురు కూర్చుని ట్యాంకులు నింపితే ఎండాకాలంలో క్లైంబ్ మరీ నీరసం. 180 హెచ్‌పీ ఇంజిన్‌కు కన్వర్షనా, క్లైంబ్ ప్రొపెల్లరా, బరువు తగ్గించడమా? ఏది ముందు చేయాలో లెక్కలతో చెప్పండి.

కడప_ఏఎంఈ:
మొదట డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడి, పీడనం వల్ల గాలి ఎంత పల్చబడిందో ఎత్తుగా చెప్పే లెక్క) చూడండి. కడప ఎయిర్‌పోర్ట్ ఎత్తు సుమారు 430 అడుగులు. ఆ ఎత్తులో స్టాండర్డ్ ఉష్ణోగ్రత 14 డిగ్రీలు. మే మధ్యాహ్నం 42 ఉందంటే 28 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,360 కలపండి. క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి పీడనం) 1004 ఉంటే ఇంకో 250 దాకా చేరుతుంది. మొత్తం 4,000 అడుగులు. పుట్టపర్తి ఎత్తే 1,500 పైన కాబట్టి అక్కడ 40 డిగ్రీలకే 5,000 దగ్గరికి వెళ్తుంది.

టర్బో లేని ఇంజిన్‌కు వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం పవర్ పోతుంది. అంటే మీ 160లో 12 శాతం రన్‌వే మీదే పోయినట్టు. హ్యాండ్‌బుక్‌లో సీ లెవెల్ క్లైంబ్ నిమిషానికి 770 అడుగులు; సర్వీస్ సీలింగ్ (క్లైంబ్ నిమిషానికి 100 అడుగులకు పడిపోయే ఎత్తు) 14,200 నుంచి సరళరేఖ గీస్తే 4,000 దగ్గర 580 మిగులుతుంది. అదీ కొత్త ఇంజిన్, శుభ్రమైన రెక్కలు ఉంటేనే. ఇంజిన్ ముసలిదైతే ఇంకా తగ్గుతుంది.

అనంత_డబ్ల్యూబీ:
బరువు సంగతి తేల్చకుండా హార్స్‌పవర్ గురించి మాట్లాడటం దండగ. 172ఎన్ గరిష్ఠ బరువు 2,300 పౌండ్లు. నూనెతో కలిపి ఖాళీ బరువు 1,470 అనుకుందాం. మిగిలింది 830. వాడుకోగల 40 గ్యాలన్ల పెట్రోలు 240 పౌండ్లు తింటుంది. మనుషులకూ సామానుకూ 590, అంటే 268 కిలోలు. 80 కిలోల మనుషులు ముగ్గురు, 20 కిలోల బ్యాగు వరకు సరే. నాలుగో మనిషి ఎక్కితే ఎక్కువైనంత పెట్రోలు తగ్గించాల్సిందే. ఫుల్ ట్యాంకు, నలుగురు అనే లెక్క ఈ విమానంలో లేదు.

కాగితం మీది ఖాళీ బరువును నమ్మొద్దు. పెయింట్, కార్పెట్, తీసేయకుండా వదిలేసిన పాత రేడియోల వైరింగ్, ఇవన్నీ ఏళ్ల తరబడి చేరతాయి. త్రాసు మీద పెట్టి తూకం వేయిస్తే చాలాసార్లు కాగితం కంటే ఎక్కువే వస్తుంది.

ఓర్వకల్లు_హ్యాంగర్:
స్టార్టర్ లైట్‌వెయిట్‌ది వేస్తే ఎంత తేడా వస్తుందన్నా? సీజీ వెనక్కి పోతుందా?

అనంత_డబ్ల్యూబీ:
పోతుంది, లెక్క చూడండి. డేటమ్ (దూరాలు కొలిచే మొదలు) ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ. స్టార్టర్ దానికి 29 అంగుళాలు ముందుందనుకుందాం, అంటే ఆర్మ్ (డేటమ్ నుంచి దూరం) మైనస్ 29. పాతది 17 పౌండ్లు తీసి 8 పౌండ్లది వేస్తే 9 తగ్గింది. మైనస్ బరువు, మైనస్ ఆర్మ్, కాబట్టి మూమెంట్ (బరువు × ఆర్మ్) 261 పెరుగుతుంది. 1,470 పౌండ్లు, సీజీ 39 ఉన్న విమానానికి మూమెంట్ 57,330. దానికి 261 కలిపి 1,461తో భాగిస్తే 39.4. తొమ్మిది పౌండ్లకే దాదాపు అర అంగుళం వెనక్కి జరిగింది.

ముందు ఇద్దరే కూర్చుని ఎగిరేవాళ్లకు ఇది మేలు, ముక్కు బరువు తగ్గి ల్యాండింగ్‌లో ఫ్లేర్ తేలికవుతుంది. వెనక ఇద్దరు, బ్యాగేజీలో సామాను ఉన్నప్పుడు మాత్రం వెనక లిమిట్ 47.3 చూసుకోండి. ముందు సీట్లు 37, వెనక సీట్లు 73, బ్యాగేజీ 95 ఆర్మ్‌లు. పెట్రోలు 48 దగ్గర ఉంది కాబట్టి ఖర్చయ్యే కొద్దీ సీజీ కొంచెం ముందుకే వస్తుంది. పెట్రోలు ఖర్చు వల్ల వెనక లిమిట్ దాటే భయం లేదు.

రన్‌అప్_సీమ:
ప్రొపెల్లర్ సంగతి. ఫ్యాక్టరీది 75 అంగుళాల వ్యాసం, 57 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం). పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం 25 నుంచి 50 వరకు పెరుగుతుంది. టేకాఫ్, క్లైంబ్ బాగుపడతాయి, క్రూజ్ స్పీడు తగ్గుతుంది. స్టాటిక్ ఆర్‌పీఎం (విమానం కదలకుండా ఫుల్ థ్రాటిల్‌లో వచ్చేది) టైప్ సర్టిఫికెట్ హద్దుల్లోనే ఉండాలి. అందుకే పని మొదలుపెట్టకముందే ఉన్న స్టాటిక్ కొలిచి రాసిపెట్టుకోండి. అది ఇప్పటికే తక్కువుంటే తప్పు ప్రొపెల్లర్‌ది కాదు, టాకోమీటర్‌దో ఇంజిన్‌దో.

తర్వాత డైనమిక్ బ్యాలెన్స్. గాలి లేని ఉదయం, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, ఇంజిన్ ముందు భాగంలో సెన్సర్, బ్లేడు మీద రిఫ్లెక్టివ్ టేపు. రీడింగ్ 0.07 ఐపీఎస్ (కంపన వేగం, సెకనుకు అంగుళాలు) లోపలికి తెస్తే బాగుంటుంది. 1.2 దాటితే వెయిట్లతో సర్దకండి; ప్రొపెల్లర్ దించి స్టాటిక్ బ్యాలెన్స్ ముందు చేయించాలి. కంపనం తగ్గితే బ్యాఫిల్ (సిలిండర్ల మీదికి గాలి మళ్లించే రేకు) పగుళ్లు, ఎగ్జాస్ట్ పగుళ్లు కూడా తగ్గుతాయి. దీన్ని అందరూ చివర్లో గుర్తు చేసుకుంటారు, నిజానికి ముందు చేయాల్సిన పని.

కడప_ఏఎంఈ:
180 హెచ్‌పీ గురించి. 172ఎన్‌కు ఉన్న ఎస్‌టీసీల్లో (విమానంలో మార్పులకిచ్చే అదనపు ఆమోదాల్లో) గరిష్ఠ బరువును 2,550కి పెంచే వీలుంది. అయితే 40 డిగ్రీల ఫ్లాప్‌ను 30కి పరిమితం చేయాలి. పెట్రోలు కూడా గంటకు 8 నుంచి 10 గ్యాలన్లకు పోతుంది. కాబట్టి పెరిగిన 250 పౌండ్లలో కొంత పెట్రోలుకే పోతుంది.

హెచ్2ఏడీకి, ఇంజిన్ తయారీదారు లైకమింగ్ వారి ఎల్‌డబ్ల్యూ-16702 ఆయిల్ సంకలితం ఏడీ (భద్రతా ఆదేశం) ప్రకారం తప్పనిసరి. ఈ ఇంజిన్‌లో క్యామ్, లిఫ్టర్ అరుగుదల పాత సమస్య. ఎగరకుండా నెలలు పార్క్ చేస్తే క్యామ్ తుప్పు పడుతుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్ కోసి లోహపు పొరలు చూడండి. ఉంటే ఆ ఇంజిన్‌ను ఓవర్‌హాల్ చేసే బదులు కన్వర్షన్‌కు పోవడం మేలు. లేకపోతే నా ఓటు ముందు బ్యాఫిల్ సీళ్లకు, ఇంజిన్ మానిటర్‌కు.

బ్యాఫిల్ రబ్బరు వెనక్కి మడిచి ఉంటే గాలి సిలిండర్ల మీదుగా పోకుండా పక్కనుంచి జారిపోతుంది. కౌలింగ్ (ఇంజిన్ మూత) లోపల రబ్బరు రాసుకున్న గీత ఎక్కడెక్కడ తెగిందో చూస్తే లీకు తెలుస్తుంది. సీహెచ్‌టీ (సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత) గరిష్ఠం 500 ఫారన్‌హీట్ అయినా, ఎక్కువకాలం మన్నాలంటే 400 పరిసరాల్లో ఉంచండి.

రన్‌అప్_సీమ:
ఇక్కడ ఒక విభేదం. 4,000 డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో మిక్స్చర్ లీన్ చేసుకుని (గాలిలో కలిసే పెట్రోలు తగ్గించి) టేకాఫ్ అవ్వమంటారు కొందరు. లైకమింగ్ మాట 5,000 పైన, లేదా ఫుల్ రిచ్‌లో ఇంజిన్ గరగరలాడితే సరిచేయమని. ఎండలో రిచ్‌గా ఉన్న అదనపు పెట్రోలే సిలిండర్లను చల్లబరుస్తుంది. ఇంజిన్ గరగరలాడితే తప్ప, కడపలో ఫుల్ రిచ్‌తోనే వెళ్లడం నయం. పుట్టపర్తిలో మాత్రం రన్‌అప్‌లో (టేకాఫ్ ముందు ఇంజిన్ పరీక్షలో) సరిచేసుకోవచ్చు.

దుమ్ము ఉన్నప్పుడు నేల మీద కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడి గాలి) ఎక్కువసేపు తెరవకండి. ఆ గాలి ఫిల్టర్ దాటదు, దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోతుంది.

అనంత_డబ్ల్యూబీ:
డీజిల్ వాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. డీఏ40 ఎన్‌జీ విమానంలో ఆస్ట్రో ఏఈ300 టర్బో ఇంజిన్, జెట్ ఏ-1తో నడుస్తుంది, 4,000 అడుగులకే పవర్ పడిపోదు. కానీ జెట్ ఏ-1 లీటరు 0.8 కిలోలు, ఏవ్‌గ్యాస్ (మనం వాడే విమాన పెట్రోలు) 0.72. కాబట్టి ట్యాంకు లీటర్లతో కాదు, కిలోలతో లెక్క వేయాలి. ఏవ్‌గ్యాస్ విషయంలో 2022లో ఇండియన్ ఆయిల్ 100ఎల్ఎల్ రకాన్ని దేశంలోనే తయారుచేయడం మొదలుపెట్టింది కాబట్టి దిగుమతి మీద ఆధారపడటం కొంత తగ్గింది.

ఓర్వకల్లు_హ్యాంగర్:
అయితే తూకం, స్టాటిక్ కొలత, బ్యాఫిళ్లు, మానిటర్, బ్యాలెన్స్. ఆ తర్వాత ఫిల్టర్‌లో ఏమొస్తుందో చూసి కన్వర్షన్. ఎస్‌టీసీ కాగితాలు?

కడప_ఏఎంఈ:
ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ఎస్‌టీసీ ఉంటే సరిపోదు, వీటీ (భారత రిజిస్ట్రేషన్) విమానానికి డీజీసీఏ అంగీకారం కూడా కావాలి. పార్టులు ఆర్డర్ చేయకముందే అడగండి. పని అయ్యాక వెయిట్ అండ్ బ్యాలెన్స్ షీటు, ఎక్విప్‌మెంట్ లిస్టు, ఫ్లైట్ మాన్యువల్ సప్లిమెంట్, లాగ్‌బుక్ ఎంట్రీ నాలుగూ ఉండాలి. సప్లిమెంట్ విమానంలోనే ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు.