స్పీడ్ బ్రేకర్ ఎక్కితే లైట్లన్నీ పోయి మళ్లీ వస్తున్నాయి, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) మార్చక తప్పదా?

ప్రశ్న:
అన్నలందరికీ నమస్తే. నాది 2015 మోడల్ చిన్న పెట్రోల్ కారు. వానాకాలం మొదలైనప్పటి నుంచి ఒకటే టెన్షన్. గతుకుల రోడ్డు మీదో, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడో హెడ్‌లైట్లు, మీటరు, స్టీరియో అన్నీ ఒక్కసారిగా పోతాయి. ఒకటి రెండు సెకన్లలో మళ్లీ వస్తాయి. ఇంజిన్ మాత్రం ఆగదు. ఒక్కోరోజు పొద్దున తాళం తిప్పితే డాష్‌బోర్డులో ఒక్క లైటు కూడా రాదు, సెల్ఫ్ అసలు పలకదు. బానెట్ ఎత్తి గట్టిగా వేస్తే స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ బండికి ఏ జబ్బూ ఉండదు. ముందు బ్యాటరీ మార్చాడు. తర్వాత బండి నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకి చూసి డైనమో బాగానే ఉందన్నాడు. ఇప్పుడు ఈసీఎం పోయిందంటున్నాడు. అమ్మను రాత్రిపూట ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తుంది, దారిలో లైట్లు పోతే ఎట్లా అని భయంగా ఉంది. ఇంట్లో మామూలు మల్టీమీటర్ ఉంది. నేనే ఏమన్నా చూసుకోవచ్చా?

జవాబు:
ఈసీఎం జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. అప్పుడప్పుడూ వచ్చిపోయే ఫాల్టులో మొదట చూడాల్సింది ఏది పోయిందన్నది కాదు, ఏవేవి కలిసి పోయాయి, ఏది మిగిలింది అన్నది. మీ బండిలో హెడ్‌లైట్లు, మీటరు, స్టీరియో కలిసి పోతున్నాయి. ఇంజిన్ మిగులుతోంది. ఈసీఎం పాడైతే ముందు ఇంజిన్ ఇబ్బంది పెడుతుంది, హెడ్‌లైట్లు ఆరిపోవు. ఇగ్నిషన్ స్విచ్ లూజైతే ఇంజిన్ కూడా ఆగాలి. కాబట్టి అనుమానం రెండు చోట్ల. ఒకటి, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే వైరు. రెండు, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు బాక్సుకు వెళ్లే మెయిన్ లైను.

చాలా చిన్న కార్లలో నెగటివ్ క్లాంపు (బ్యాటరీ కొనకు బిగించే పట్టు) నుంచి రెండు వైర్లు వెళ్తాయి. లావుది గేర్‌బాక్సుకు, సన్నది దగ్గర్లోనే బాడీ మీద ఒక బోల్టుకు. బాడీ బోల్టు దగ్గర కాంటాక్టు వదిలితే ఇంజిన్ తన ఎర్త్‌తో తాను నడుస్తూనే ఉంటుంది, లైట్లన్నీ దిక్కులేనివవుతాయి. నా అనుమానం ఎక్కువగా దీని మీదే.

ముందు ఒక్క సంగతి చెప్పండి. లైట్లు పోయి వచ్చాక స్టీరియోలో గడియారం మొదటికి వస్తోందా, టైమ్ అలాగే ఉంటోందా? గడియారానికి తాళంతో పనిలేకుండా ఎప్పుడూ కరెంటు అందుతుంటుంది. అది కూడా మొదటికి వస్తే తాళం స్విచ్‌ను పూర్తిగా పక్కన పెట్టొచ్చు.

ఇంకో మాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమోను పరీక్షించే పద్ధతి పాత బండ్ల కాలంది. ఇప్పటి బండ్లలో అలా పీకిన క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్ని, బాగున్న ఈసీఎం నిజంగానే పోవచ్చు. ఇకమీదట ఎవరినీ అలా చేయనివ్వకండి. మల్టీమీటరును బ్యాటరీ రెండు కొనల మీద పెట్టి ఇంజిన్ నడిపితే చాలు. సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు కనిపిస్తే డైనమో పని చేస్తున్నట్టే.

మరో సభ్యుడు:
బ్రదర్, ఎలుకలు కొరికాయేమో కూడా చూడండి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వానాకాలం వస్తే ఇదే గోల. ఇంజిన్ మూలల్లో గింజలు, పీచు, పెంటికలు కనిపిస్తే అవే.

ప్రశ్న అడిగినవారు:
ఎలుకల జాడ లేదన్నా. గడియారం ప్రతిసారీ 12:00కు వస్తోంది. మీటరుతో ఎలా చూడాలో కాస్త వివరంగా చెప్తారా? బ్యాటరీ మీద 12.6 చూపిస్తోంది. వైరు తెగిందో లేదో చూసే మీటరు బజర్ ఎర్త్ మీద కూడా మోగుతోంది, అంటే బాగున్నట్టే కదా?

జవాబు:
గడియారం మొదటికి వస్తోందంటే తాళం స్విచ్ తప్పు లేదు. బజర్‌ను మాత్రం నమ్మకండి. దానికి పిసరంత కరెంటు చాలు. వైరులో ఒక్క రాగి పోగు మిగిలినా మోగుతుంది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పూడుకుపోయిన పైపులోనూ ప్రెషర్ ఉంటుంది, తిప్పితేనే తెలుస్తుంది ధార సన్నగా వస్తోందని. ఇదీ అంతే. లోడు వేసి చూడాలి.

హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, హెడ్‌లైట్లు వేసి, బ్లోయర్ ఫుల్లుగా పెట్టండి. హెడ్‌లైట్ల బల్బులు రెండూ కలిపే 9, 10 ఆంపియర్లు లాగుతాయి, ఆ మాత్రం లోడు కావాలి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. నల్ల పిన్నును బ్యాటరీ నెగటివ్ సీసపు కొన మీద గుచ్చి పట్టుకోండి. క్లాంపు మీద కాదు, నడిమధ్య కొన మీదే. ఎర్ర పిన్నును ఒకదాని తర్వాత ఒకటిగా క్లాంపుకు, గేర్‌బాక్సు మీద పెయింటు లేని చోట, బాడీకి వెళ్లే సన్న ఎర్త్ వైరు చివరన ఉన్న రింగుకు, ఆ పక్కనే బాడీ మీద ఏదైనా శుభ్రమైన బోల్టుకు తాకించండి. ప్రతిచోటా అంకె 0.1 కంటే తక్కువే రావాలి. ఎక్కడ ఒక్కసారిగా పెరిగితే, అంతకుముందు పెట్టిన చోటుకూ ఈ చోటుకూ మధ్యే జబ్బు.

ఇది వచ్చిపోయే ఫాల్టు కాబట్టి ఒక్కసారి చూసి వదలొద్దు. ఇంట్లో ఒకరిని హెడ్‌లైట్ల వైపు చూస్తూ నిలబడమనండి. మీరు పిన్నులు అలాగే ఉంచి ఎర్త్ వైరును పక్కలకు మెల్లగా కదపండి. వాళ్లు "తగ్గింది" అన్న క్షణంలో మీటరు అంకె చూడండి.

నెగటివ్ వైపు అంతా బాగుంటే ఇదే పద్ధతిలో పాజిటివ్ కొన నుంచి ఫ్యూజు బాక్సులో మెయిన్ వైరు బిగించిన బోల్టు దాకా చూడండి. అక్కడ స్పానర్ వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. పాజిటివ్‌కు తగిలిన స్పానర్ బాడీకి కూడా తగిలితే పెద్దగా నిప్పురవ్వలు లేస్తాయి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి పక్కన పెట్టండి. స్టీరింగ్ కింద పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటిని కదపొద్దు, మీటరు పెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది అన్నా! క్లాంపు దగ్గర 0.02, గేర్‌బాక్సు దగ్గర 0.03, రింగు దగ్గర కూడా 0.03. బాడీ బోల్టు దగ్గర మామూలుగా 0.4. మా తమ్ముడు లైట్లు చూస్తుండగా వైరు కదిపితే 3 వోల్టులు దాటింది, లైట్లు ఎర్రబడిపోయాయి. బోల్టు బ్యాటరీ ట్రే కిందకు ఉంది. రింగు చుట్టూ తెల్లటి పొడి, కింద తుప్పు. బిగిస్తే సరిపోతుందా?

జవాబు:
బిగిస్తే నాలుగు రోజులు ఆగి మళ్లీ వస్తుంది. రింగు పాడవలేదు, దాని కిందున్న రేకు తుప్పు పట్టింది. పాత బ్యాటరీ నుంచి ఆసిడ్ కారి ఉంటుంది. బానెట్ గట్టిగా వేసినప్పుడు స్టార్టయిందంటే ఆ అదురుకు రింగు కాసేపు రేకును అంటుకుందన్నమాట.

తాళం తీసేసి ముందు బ్యాటరీ నెగటివ్ క్లాంపు విప్పండి. చాలా బండ్లకు 10 నంబరు స్పానర్ సరిపోతుంది. తర్వాత ట్రే తీసి, వంటసోడా కలిపిన నీళ్లతో ఆ పొడి కడగండి. పొంగుతుంది, కళ్లకు చిందకుండా చూసుకోండి. ఆరాక రింగు రెండు వైపులా, రేకు మీద రింగు కూర్చునే చోటంతా ఎమరీ పేపరుతో మెరిసేదాకా గీకండి. పెయింటు మిగలకూడదు. బోల్టు కూడా తుప్పు పట్టి ఉంటే కొత్తది వేయండి. గట్టిగా బిగించాక పైన మాత్రమే పెట్రోలియం జెల్లీ పూయండి. రింగును వంచి చూసి, వైరు లోపల రాగి పచ్చబడి ఉంటే వైరే మార్చేయండి, అది పెద్ద ఖర్చు కాదు. అంతా అయ్యాక అదే పరీక్ష మళ్లీ చేసి అంకె రాయండి.

ప్రశ్న అడిగినవారు:
గీకి బిగించాను. ఇప్పుడు 0.02. వైరు ఎంత కదిపినా మారడం లేదు. రాత్రి గతుకుల్లో తిప్పి చూశాను, లైట్లు ఒక్కసారి కూడా పోలేదు. అమ్మ కూడా పక్కనే కూర్చుంది. చాలా థాంక్స్ అన్నా.

ఇంకో సభ్యురాలు:
ఇదే చోట నాదీ ఒక సందేహం అండి. మా కారు రెండు మూడు రోజులు కదపకపోతే బ్యాటరీ దిగిపోతోంది. బ్యాటరీ కొత్తదే. నడిపినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఇది కూడా ఎర్తేనా?

జవాబు:
కాదండీ, మీది ఆగి ఉన్నప్పుడు కరెంటు కారిపోతున్న బాపతు. మామూలుగా ఆగిన బండి 50 మిల్లీఆంపియర్ల లోపే లాగాలి. 500 లాగితే రోజుకు 12 ఆంపియర్ అవర్ పోయినట్టు, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజులు ఆగదు.

బానెట్ తెరిచి, దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కి పెట్టండి. ఫ్యూజు బాక్సు మూత తీసి ఉంచి, తలుపులు వేసి, తాళం దూరంగా పెట్టి అరగంట ఆగండి, లోపలి కంప్యూటర్లు నిద్రపోవాలి. తర్వాత ఫ్యూజులు పీకకుండా, ప్రతి ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మీద మిల్లీవోల్టుల రేంజిలో మీటరు పెట్టండి. సున్నా వస్తే ఆ లైనులో కరెంటు పారడం లేదు. అంకె కనిపించిన ఫ్యూజు ఏ లైనుదో మూత లోపలి బొమ్మలో చూడండి. బయట పెట్టించిన స్టీరియో, జీపీఎస్ ట్రాకర్, డాష్ కెమెరా ఉంటే ముందు ఆ వైర్లే అనుమానించండి. ఏ ఫ్యూజు దగ్గర ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే అక్కడి నుంచి చూద్దాం.