దహనానికి శవపేటిక కొనాలని చట్టంలో నిజంగా ఉందా?

ప్రశ్న:
నమస్కారం అండి. అమెరికాలో మా పెదనాన్నగారు పోయారు, దహనమే చేద్దామనుకుంటున్నాం. అంత్యక్రియల ఏర్పాట్లు చేసే ఫ్యునరల్ హోమ్ వాళ్ళేమో క్యాస్కెట్, అంటే శవపేటిక, కొనకపోతే చట్టం ఒప్పుకోదు అంటున్నారు, చూపించినవన్నీ నిగనిగలాడే చెక్క పెట్టెలు, లోపల శాటిన్ గుడ్డ, ఇత్తడి పిడులు. పెద్దమ్మ ఏదీ అడిగే స్థితిలో లేదు. నిజంగా అలాంటి చట్టం ఉందా? తెలిసినవాళ్ళు కాస్త త్వరగా చెప్పండి.

జవాబు 1:
పెదనాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి. అలాంటి చట్టం అక్కడ ఏ రాష్ట్రంలోనూ లేదండి. ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ ఫ్యునరల్ రూల్ 1984 నుంచీ అమల్లో ఉంది, దాని ప్రకారం డైరెక్ట్ క్రిమేషన్‌కి, అంటే చివరి చూపు కార్యక్రమం ఏదీ పెట్టకుండా నేరుగా దహనానికి, క్యాస్కెట్ చట్టప్రకారం కావాలి అని చెప్పడమే తప్పు. గట్టి అట్టతోనో పాలిష్ లేని చెక్కతోనో చేసిన సాదా పెట్టె కూడా వాళ్ళు అందుబాటులో ఉంచాలి, దాన్ని ఆల్టర్నేటివ్ కంటైనర్ అంటారు. మీరే వెళ్ళి జనరల్ ప్రైస్ లిస్ట్, అంటే వాళ్ళ ధరల పట్టిక, అడగండి, చేతికి ఇవ్వాల్సిందే, ఈ విషయం అందులోనే రాసి ఉంటుంది, అది చూపించి మాట్లాడండి. దుఃఖంలో ఉన్నవాళ్ళతో చట్టం పేరు చెప్పి కొనిపించడం చాలా అన్యాయం.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్, కానీ చట్టం వేరు, క్రిమటోరియం (దహనశాల) రూల్ వేరు. చాలా చోట్ల అడుగు గట్టిగా ఉండి, పూర్తిగా కాలిపోయే పెట్టె ఏదో ఒకటి ఉండాలంటారు, అందులో న్యాయం ఉంది, ఎందుకంటే లోపలికి తోసే సమయానికే దహనం చేసే ఛాంబర్ బాగా వేడెక్కి ఉంటుంది, పెట్టె మధ్యలో వంగినా, కిందకి కారినా అక్కడ పనిచేసేవాళ్ళకి ప్రమాదం. పీవీసీ, జింక్, సీసం లాంటివి ఉంటే తీసుకోరు. బ్రిటన్‌లో కూడా అంతే, కాఫిన్ (శవపేటిక) ఉండాలని చట్టం అనదు, క్రిమటోరియం షరతులే చూసుకోవాలి. ఇంకోటి, దేశం దాటించి తెచ్చిన బాడీ చాలాసార్లు జింక్ పెట్టెలో వస్తుంది, దాన్ని అలాగే దహనం చెయ్యరు, వేరే దాంట్లోకి మార్చాల్సిందే.

జవాబు 3:
పెట్టె సంగతి సరే, పెదనాన్నగారికి పేస్‌మేకర్ ఉందేమో ముందు చెప్పండి. ఆ వేడికి బ్యాటరీ పేలుతుంది, ఫర్నేస్ గోడ ఇటుకలు కూడా పగలొచ్చు. అందుకే ఫారంలో అడుగుతారు, ముందే తీయించాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్ అండి. పేస్‌మేకర్ ఉంది, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. బంధువులు చివరి చూపు కావాలంటున్నారు, అప్పుడు అట్టపెట్టె ఎలా?

జవాబు 1:
అద్దె క్యాస్కెట్ ఉందేమో అడగండి. బయట చెక్క పెట్టె అలాగే ఉంటుంది, లోపలి సాదా పెట్టె మాత్రం బయటికి వస్తుంది, దహనానికి వెళ్ళేది అదే. ఒకవేళ కొనాల్సి వచ్చినా వాళ్ళ దగ్గరే కొనక్కర్లేదు, బయట కొన్నది తెస్తే కాదనకూడదు, అందుకని అదనంగా ఛార్జీ కూడా వెయ్యకూడదు. పెద్దమ్మని సంతకాలకి ఒక్కదాన్నే పంపకండి, మీరు పక్కన ఉండండి.