సమస్యాపూరణం: రాళ్ళు పంపెఁ దల్లి రణమునకును

నిర్వాహకుడు:
ఏప్రిల్ 25 దగ్గరపడింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో ఆ రోజే ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ సైనికులు టర్కీలోని గల్లిపోలి ఒడ్డున దిగారు. ఆన్‌జాక్ అన్న వాళ్ళ దళం పేరు మోస్తున్న ఆన్‌జాక్ బిస్కెట్లను తలుచుకుని ఈ వారం ఆటవెలది పాదం ఇస్తున్నాను. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి.

రాళ్ళు పంపెఁ దల్లి రణమునకును

పూరణ 1 (సిడ్నీ సభ్యుడు):

ఓట్సు కొబ్బరి తురుముడికించి పాకాన
చేసి బిస్కటులను సీలు వేసి
ఓడ చేరునంత నుక్కుబిళ్ళలు గాఁగ
రాళ్ళు పంపెఁ దల్లి రణమునకును

నిర్వాహకుడు:
‘తురుముడికించి’లోని ఉకారంతో మొదటి ఓకారానికి స్వరయతి (పాదం మొదటి అచ్చుకి మధ్యలో సరిపడే అచ్చు) చక్కగా పడింది. ‘వేసి’ తర్వాత ‘ఓడ’ అంటే విసంధి, రెండు అచ్చులూ కలవకుండా విడిగా మిగులుతాయి. యడాగమం చేసి, అంటే మధ్యలో ‘య’ చేర్చి, ‘యోడ’ అనండి.

మెల్‌బోర్న్ సభ్యురాలు:
అన్నయ్యా, ఛందస్సు కుదిరింది గానీ వంట తప్పింది. ఓట్సునీ కొబ్బరినీ ఉడికించరండీ. 125 గ్రాముల వెన్న, రెండు టేబుల్ స్పూన్ల గోల్డెన్ సిరప్ (చిక్కటి చెరకు పాకం) సన్నసెగ మీద కరిగించి, మరుగునీళ్ళలో కలిపిన వంటసోడా అందులో పోస్తాం. గిన్నె అడుగున తేనెరంగులో ఉన్న పాకం ఒక్కసారిగా బుసబుసమని తెల్లగా నురగకట్టి లేస్తుంది. ఆ నురగ అణగకముందే ఓట్సు, మైదా, పంచదార కప్పు చొప్పున, ముప్పావు కప్పు ఎండుకొబ్బరి పొడి ఉన్న పళ్ళెంలో పోసి కలిపెయ్యాలి. గుడ్డు పడదు, అందుకే చాన్నాళ్ళు నిలవుంటాయి. ఓవెన్‌లో 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర పావుగంట చాలు. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. మెత్తగా ఉన్నాయని మళ్ళీ లోపల పెట్టకండి.

ఇంకొకటి. ఈ వంటలో కొబ్బరి చేరింది యుద్ధం అయ్యాక, 1920లలో. సైన్యం పెట్టినవి వేరు. అవి కొరికితే పళ్ళు కదిలే గట్టి బిళ్ళలు, పొడి కొట్టి నీళ్ళు పోసి జావ కాచుకునేవారు. రాళ్ళంటే అవీ! అమ్మ చేతివి రాళ్ళనడానికి నాకు మనసొప్పలేదు.

పూరణ 2 (గుంటూరు సభ్యుడు, క్రమాలంకారం):

గోడ కట్ట నేవి? గోధుమ పిండితో
కాల్చి బిళ్ళ లెవరు కట్టి పంపె?
తనయుఁ డేగెఁ గడలిఁ దాటుచు దేనికి?
రాళ్ళు, పంపెఁ దల్లి, రణమునకును

నిర్వాహకుడు:
మూడు ప్రశ్నలకీ జవాబులు వరసగా అమరాయి. దోషం లేదు. అయితే మొదటి ప్రశ్న మిగతా రెండింటికీ దూరంగా ఉంది. గోడకీ ఆ తల్లికీ చుట్టరికం కలపాల్సింది.

పూరణ 3 (మెల్‌బోర్న్ సభ్యురాలు):

పాకమందు సోడ పడి నురుగై పొంగ
నోట్సు పిండిఁ గలిపి యుండఁ జుట్టి,
కొడుకు వ్రాయ నిట్లు ‘కూడమ్మ యిచ్చట
రాళ్ళు’, పంపెఁ దల్లి రణమునకును

నిర్వాహకుడు:
అమ్మా, ‘రాళ్ళు’ను కొడుకు ఉత్తరంలోకి జరిపి తల్లి మీది నింద తీసేశారు. ‘పొంగ నోట్సు’ దగ్గర పాదం మారినా సంధి విడవలేదు. ఒక్కటే చిక్కు: ఉత్తరం వచ్చాకే కదా ఉండలు చుట్టేది! మూడో పాదం ముందు చదువుకుంటేగానీ అన్వయం కుదరదు. వీలైతే ఆ వరస మార్చి మళ్ళీ పంపండి.

సిడ్నీ సభ్యుడు:
చెల్లెమ్మా, నా ‘ఉడికించి’ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఆదివారం మీ కొలతల ప్రకారం కాల్చి చూసి, కొబ్బరి లేకుండా పూరణ తిరగరాస్తాను.