వాకింగ్ ప్రతిసారీ రెండు వారాలకే ఆగిపోతోంది, మీకెలా కుదురుతోంది?

కేపీహెచ్‌బీ_అమ్మ:
నాకు 38, ఇద్దరు పిల్లలు, ఆఫీసులో రోజంతా కూర్చునే పని. షుగర్ బార్డర్‌లో ఉంది రోజూ నడవమన్నారు డాక్టర్ గారు. షూస్ కొన్నా, రెండు వారాలు నడిచా, ఆగిపోయింది, ఇది మూడోసారి. పొద్దున 5 నుంచి టిఫిను, బాక్సులు, స్కూల్ బస్సు, రాత్రి 9 దాటితే గానీ ఖాళీ దొరకదు, అప్పుడేమో మా వీధిలో సగం లైట్లు వెలగవు, కుక్కలు, ఫుట్‌పాత్ నిండా బళ్ళు. మా ఆయన ఆదివారం క్రికెట్ మాత్రం ఎప్పుడూ ఆగదు. నాది బద్ధకమేనంటారా?

ఓరుగల్లు_టీచర్:
బద్ధకం కానే కాదమ్మా. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో లెక్కలొచ్చాయి, 2022లో మన దేశంలో ఒంటికి కావల్సినంత కదలిక లేని ఆడవాళ్ళు 57 శాతం, మగవాళ్ళు 42 శాతం. అంతమందీ బద్ధకస్తులే అంటే నేనొప్పుకోను. ఇల్లు తుడవడం, బకెట్లు మొయ్యడం కూడా కదలిక కిందకే వస్తాయి కానీ మనకోసం మనం ఒక అరగంట బయటికెళ్ళడం వేరు, దానికి ఇంట్లో ఎవరో ఒకరు ఆ టైంలో పొయ్యి దగ్గర నిలబడాలి. ముందు అది తేల్చుకోండి.

వైజాగ్_నడక:
నా అనుభవం చెప్తా. ఆర్కే బీచ్ దగ్గరుండేవాళ్ళం, తెల్లవారుజామున ఆ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కదా, చీరకట్టులో నడిచే పెద్దావిడలు, స్కేటింగ్ పిల్లలు, ఎంత సందడో, నాలుగేళ్ళు ఒక్కరోజు మానలేదు నేను. గాజువాక మారాక లారీల మధ్య నడవలేక నెలకే మానేశా. మనిషిని నేనే, రోడ్డు మారిందంతే.

మియాపూర్_5వ_అంతస్తు:
మాకు తోడు వల్ల కుదిరింది. ముగ్గురం ఆడవాళ్ళం, కింద గేటు దగ్గర ఒకరు నిలబడి ఫోన్ చేస్తుంటే దుప్పటి తియ్యక తప్పదు. వాన పడితే టెర్రస్ మెట్ల దగ్గరే ఎక్కి దిగుతాం. డబ్ల్యూహెచ్‌వో వాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు అంటారు, అది ఒకేసారి అరగంటగా నడవక్కర్లేదు, పది పది నిమిషాలైనా లెక్కే.

కేపీహెచ్‌బీ_అమ్మ:
అందరికీ థాంక్సండీ, టీచర్ గారి మాట చదివి రాత్రే మా ఆయనతో కూర్చుని మాట్లాడా. మంగళ, గురు, శని బాక్సులు తను కడతానన్నారు. మా కేపీహెచ్‌బీ కాలనీ ఆరో ఫేజ్ వైపు పొద్దున 5:45కి నడిచే ఆడవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, నేనొస్తా.